కలవదు, కలిసినా నిలవదు: ట్యాబ్‌తో బ్లూటూత్ తంటాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ట్యాబ్‌కి కలుపుకునే వస్తువుల గురించే. కీబోర్డు, పెన్ను, ఇయర్‌బడ్స్, బిల్లు ప్రింటరు, ఆఖరికి చెవి మిషను కూడా. కాబట్టి మిగతా ప్రశ్నల్ని వచ్చేసారికి వాయిదా వేసి వీటి సంగతే చూద్దాం. ఒక్క విన్నపం. రాసేటప్పుడు ట్యాబ్ మోడల్ పేరు, అందులో ఉన్న ఆండ్రాయిడ్ లేదా ఐప్యాడ్ ఓఎస్ వెర్షన్, ఆ వస్తువు వెనకాల అచ్చేసి ఉన్న మోడల్ నంబరు రాయండి. 'బ్లూటూత్ పనిచేయట్లేదు, ఏం చేయాలి' అని ఒక్క ముక్క రాసి పంపితే దిష్టి తీయించుకోమనడం తప్ప నేనేం చెప్పగలను?

ప్రశ్న: హైస్కూల్లో పాఠాలు చెప్తాను. ఆండ్రాయిడ్ ట్యాబ్‌కి బ్లూటూత్ కీబోర్డు కొనుక్కున్నాను, బాగానే పనిచేసేది. మధ్యలో మా అబ్బాయి దాన్ని తన ల్యాప్‌టాప్‌కి కలుపుకున్నాడు. అప్పట్నుంచి నా ట్యాబ్‌లో కీబోర్డు పేరు కనిపిస్తుంది గానీ నొక్కితే 'పిన్ లేదా పాస్‌కీ తప్పు' అంటోంది. నేను అసలు పిన్ ఏదీ కొట్టలేదు! షాపతను ఫ్యాక్టరీ రీసెట్ చేయమంటున్నాడు. చేయాలా? - ఒక ఉపాధ్యాయిని, తెనాలి

జవాబు: వద్దమ్మా, వద్దే వద్దు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే అది. మీ పాఠాల ఫైళ్ళూ, ఫొటోలూ, లాగిన్లూ అన్నీ పోతాయి, గొడవ చూస్తేనేమో ఒక్క కీబోర్డు దగ్గరే ఉంది.

జరిగింది ఇదీ. రెండు వస్తువుల్ని మొదటిసారి పెయిర్ చేసినప్పుడు అవి రెండూ కలిసి ఒక రహస్య కోడ్ తయారుచేసుకుని చెరో కాపీ దాచుకుంటాయి. అది మన కంటికి కనపడదు. ఆ తర్వాత ప్రతిసారీ ఆ కోడ్ సరిచూసుకున్నాకే కనెక్ట్ అవుతాయి. చవక రకం కీబోర్డుల్లో చాలావాటికి ఒక్క కోడ్ గుర్తుపెట్టుకునే చోటే ఉంటుంది, మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌కి కలపగానే మీది చెరిగిపోయి అతనిది చేరింది. మీ ట్యాబ్‌కి ఆ సంగతి ఎవరు చెప్తారు? అది పాత కోడ్ పట్టుకుని పిలుస్తోంది, కీబోర్డేమో నువ్వెవరో నాకు తెలీదంటోంది. ఆ ముక్క సరిగ్గా చెప్పడం చేతకాక ట్యాబ్ 'పిన్ తప్పు' అని నేరం మీ మీదకు తోసేస్తోంది.

కాబట్టి పాత జ్ఞాపకాన్ని అన్ని వైపుల నుంచీ తీసేయాలి. ట్యాబ్‌లో సెట్టింగ్స్, కనెక్టెడ్ డివైసెస్‌లోకి వెళ్ళి కీబోర్డు పేరు పక్కన ఉన్న పళ్ళచక్రం గుర్తు నొక్కి 'ఫర్గెట్' అనండి (శామ్‌సంగ్‌లో దీన్ని 'అన్‌పెయిర్' అంటారు). మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో కూడా దాన్ని తీసేయించండి, కనీసం ఈ పని అయ్యేదాకా ఆ ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఆపించండి. ఇప్పుడు కీబోర్డు ఆపి, మళ్ళీ ఆన్ చేసి, పెయిరింగ్ బటన్ని లైటు గబగబా మిణుకుమనే దాకా నొక్కి పట్టుకోండి. కొన్నింటిలో ఎఫ్‌ఎన్ మీటతో పాటు బ్లూటూత్ గుర్తున్న మీట నొక్కాలి, కొన్నింటిలో అడుగున చిన్న బటన్ ఉంటుంది. లైటు నెమ్మదిగా ఒక్కోసారి వెలిగితే అది పెయిరింగ్‌లో లేదు, పాత నేస్తాన్ని వెతుకుతోందని అర్థం, ఇంకాసేపు నొక్కాలి. ట్యాబ్‌లో 'పెయిర్ న్యూ డివైస్' అనగానే తెర మీద ఆరంకెల నంబరు రావచ్చు. దాన్ని తెర మీద కాదు, కీబోర్డు మీద కొట్టి ఎంటర్ నొక్కాలి. ఈ ఎంటర్ దగ్గరే చాలామంది ఆగిపోయి, కాసేపు చూసి, 'ఇదీ అవ్వలేదు' అని విసుక్కుంటారు.

ఇద్దరూ వాడుకోవాల్సిందే అంటే ఈసారి కొనేటప్పుడు రెండు మూడు పరికరాల్ని గుర్తుపెట్టుకునేది తీసుకోండి. లాజిటెక్ కే380 లాంటి వాటిలో పై వరసలో ఎఫ్1, ఎఫ్2, ఎఫ్3 మీటలకి ఒక్కో పరికరాన్ని కట్టబెట్టొచ్చు. కొత్తగా కలపాలంటే ఆ మీటని మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి, ఆ తర్వాత మారాలంటే ఊరికే ఒకసారి నొక్కితే చాలు. మీరు ఒకటి, అబ్బాయి రెండు. ఇక తగాదా ఉండదు.

ఈ ఉత్తరానికి ఇంత చోటు ఎందుకిచ్చానంటే, ఇకపై వచ్చే ప్రశ్నల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది. ట్యాబ్ మీద అనుమానపడే ముందు ఆ వస్తువు ఇంకెవరితో జతకట్టి కూర్చుందో చూడాలి.

ప్రశ్న: వైర్‌లెస్ మౌస్ కొన్నాను. ట్యాబ్ బ్లూటూత్ లిస్టులో ఎంత వెతికినా రావట్లేదు. బ్యాటరీ కూడా మార్చాను. - డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: మౌస్ తిరగేసి బ్యాటరీ మూత తీసి చూడు బాబూ. లోపల గోరంత యూఎస్‌బీ ముక్క ఇరుక్కుని ఉందా? ఉండి, మౌస్ మీద గానీ డబ్బా మీద గానీ బ్లూటూత్ గుర్తు లేకపోతే అది బ్లూటూత్ మౌస్ కాదు. అదీ 2.4 గిగాహెర్ట్జ్ రేడియోనే వాడుతుంది గానీ ఆ ముక్కతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు. లిస్టులో ఎన్నేళ్ళు వెతికినా రాదు. టైప్-సీ ఓటీజీ అడాప్టర్ ఒకటి తెచ్చి ఆ ముక్కని ట్యాబ్‌కి గుచ్చు, బాణం గుర్తు వచ్చేస్తుంది. కాకపోతే ట్యాబ్‌కి ఉన్న ఒక్క రంధ్రం దానికే పోతుంది, ఛార్జింగ్ పెట్టాలంటే పీకాలి. షాపులో ఇంకా మార్చుకునే గడువు ఉంటే బ్లూటూత్ గుర్తున్న మౌస్ తెచ్చుకోవడమే మేలు.

ప్రశ్న: మాది జనరల్ స్టోర్. బిల్లింగ్ యాప్ కోసం ఆండ్రాయిడ్ ట్యాబ్, బ్లూటూత్ బార్‌కోడ్ స్కానర్, చిన్న బిల్లు ప్రింటర్ తీసుకున్నాం. స్కానర్ ఆన్ చేస్తే తెర మీద కీబోర్డు మాయమవుతోంది. విడి సరుకు పేరు కొట్టాలంటే ప్రతిసారీ స్కానర్ ఆపాలి, కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉంటారు. ప్రింటర్లో ఇంగ్లిష్ బాగానే వస్తోంది, తెలుగు పేర్లు మాత్రం ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి. ఒక్కోసారి 'ప్రింటర్ కనెక్ట్ అవ్వలేదు' అంటుంది. ఐప్యాడ్ కొంటే ఈ బాధలు పోతాయా? - ఒక వ్యాపారి, నిజామాబాద్

జవాబు: ఐప్యాడ్ మాట తర్వాత, ముందు స్కానర్ సంగతి. అది మామూలుగా ట్యాబ్‌కి తనని కీబోర్డుగా పరిచయం చేసుకుంటుంది. మీరు సబ్బు ప్యాకెట్టు మీద ఎర్ర గీత పెట్టగానే ఆ 13 అంకెల్నీ తనే గబగబా టైప్ చేసి ఎంటర్ కొడుతుంది, అంతే దాని పని. ట్యాబ్ ఏమనుకుంటుంది? అసలు కీబోర్డే తగిలించారు, ఇంక తెర మీద కీబోర్డు ఎందుకులే అని దాచేస్తుంది. ఇది లోపం కాదు, ఒక్క స్విచ్ పని. సెట్టింగ్స్‌లో పైనున్న వెతికే గళ్ళలో 'ఫిజికల్ కీబోర్డు' అని కొట్టండి (శామ్‌సంగ్‌లో జనరల్ మేనేజ్‌మెంట్ కింద ఉంటుంది). అందులో ఆన్-స్క్రీన్ కీబోర్డు చూపించాలా అనే అర్థం వచ్చే స్విచ్ ఉంటుంది, ఆన్ చేయండి. స్కానర్ ఆన్‌లో ఉండి ఈ పని చేస్తే ఆ మెనూ సులువుగా దొరుకుతుంది.

స్కానర్ డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటి వచ్చి ఉంటుంది, నిండా చిన్న చిన్న బార్‌కోడ్లతో. దాన్ని పారేశారా? పారేయకుంటే బిల్లు పుస్తకంలో దాచండి. స్కానర్‌కి మెనూలూ బటన్లూ ఉండవు, దాని సెట్టింగులన్నీ ఆ కాగితంలోనే. స్కాన్ చేశాక ఎంటర్ కొట్టాలా వద్దా, ఎంతసేపు ఖాళీగా ఉంటే నిద్రపోవాలి, ట్యాబ్‌తో కీబోర్డులా మాట్లాడాలా వేరే పద్ధతిలో మాట్లాడాలా, ఏది మార్చాలన్నా దాని గళ్ళో ఉన్న బార్‌కోడ్ మీద స్కాన్ చేయాలి. పక్క గళ్ళోది పొరపాటున చదివిందంటే మరో సెట్టింగు మారిపోతుంది కాబట్టి అటూ ఇటూ అరచేత్తో మూసి స్కాన్ చేయండి. కాసేపు గిరాకీ లేక ఊరుకున్నాక మొదటి స్కాన్ పడట్లేదని చాలామంది అంటుంటారు. అది బ్యాటరీ ఆదా కోసం నిద్రపోయింది, లేచి మళ్ళీ కనెక్ట్ అయ్యేలోపు మీరు చేసిన స్కాన్ గాల్లో కలిసిపోయింది. నిద్ర సమయం పెంచుకుంటే సరి.

ఇక ప్రింటర్‌లో తెలుగు. దీనికి బ్లూటూత్‌తో ఏ సంబంధమూ లేదు. ఆ చిన్న ప్రింటర్ బుర్రలో ఉండేది ఇంగ్లిష్ అక్షరాలూ ఇంకొన్ని గుర్తులూ మాత్రమే. మన గుణింతాలు, ఒత్తులు ఎక్కడెక్కడ కూర్చోవాలో తేల్చుకునే తెలివి దానికి లేదు. అందుకని యాపే బిల్లు మొత్తాన్ని బొమ్మగా గీసి పంపాలి. యాప్‌లోని ప్రింట్ సెట్టింగ్స్‌లో 'ఇమేజ్', 'గ్రాఫిక్' అనే మాటలున్న ఎంపిక కోసం చూడండి. అది లేని యాప్ అయితే తెలుగు బిల్లు మీద ఆశ వదులుకోవాలి లేదా యాప్ మార్చాలి. బొమ్మగా వెళ్తే ప్రింటు కాస్త నెమ్మదిస్తుంది, అది మామూలే. 58 మిల్లీమీటర్ల కాగితం మీద అడ్డంగా పడేవి సాధారణంగా 384 చుక్కలే, కాబట్టి అక్షరాల సైజు తగ్గించి పిసినారితనం చేస్తే 'క్క'కీ 'త్త'కీ తేడా తెలియకుండా ఒత్తులు అలుక్కుపోతాయి. కందిపప్పు పేరు రెండు లైన్లలో వచ్చినా పరవాలేదు, సైజు పెంచండి.

'కనెక్ట్ అవ్వలేదు' అనేది మాత్రం అచ్చంగా బ్లూటూత్ గొడవే. సెట్టింగ్స్‌లో ప్రింటర్ పేరు కింద 'పెయిర్డ్' అని ఉండి 'కనెక్టెడ్' అని లేకపోతే కంగారు పడకండి. యాప్ బిల్లు పంపే క్షణంలోనే అది కనెక్ట్ అవుతుంది. ఇలాంటి ప్రింటర్లు ఒకసారికి ఒక్కరితోనే మాట్లాడతాయి. మీ కౌంటర్లో కుర్రాడి ఫోన్లో కూడా అదే బిల్లింగ్ యాప్ ఉందా? అతని యాప్ తెరిచి ఉండి ప్రింటర్‌ని పట్టుకుని కూర్చుంటే మీ ట్యాబ్‌కి అది దొరకదు. ఎక్కువగా జరిగేది ఇదే. తీసేసి మళ్ళీ పెయిర్ చేయాల్సి వస్తే పిన్ 0000 లేదా 1234, ఎక్కువ వాటికి ఈ రెండిట్లో ఒకటి పడుతుంది.

ఐప్యాడ్ అంటారా, ఆ ఖర్చు పెట్టకండి. చవక బిల్లు ప్రింటర్లు ఎక్కువగా వాడేది బ్లూటూత్‌లోనే సీరియల్ అనే పాత తరహా పద్ధతి. ఆ పద్ధతిలో ఐప్యాడ్‌తో మాట్లాడాలంటే తయారీదారు ఆపిల్ నుంచి ఎంఎఫ్ఐ అనే లైసెన్సు (ఆపిల్ పరికరాలతో కలిసే వస్తువులు చేయడానికి అనుమతి) తీసుకోవాలి. ఈ పద్ధతి ఒక్కటే తెలిసి, ఆ లైసెన్సు లేని ప్రింటర్‌తో ఐప్యాడ్‌లో బిల్లు కొట్టించడం అయ్యే పని కాదు. ట్యాబ్ కొత్తది వస్తుంది, ప్రింటర్ కూడా కొత్తది కొనాల్సి రావచ్చు.

ప్రశ్న: నా గెలాక్సీ ట్యాబ్‌లో ఎస్ పెన్ 'డిస్‌కనెక్టెడ్' అని చూపిస్తోంది. అయినా రాస్తోంది! ఇలాగే వాడితే తెర పాడవుతుందా? - బొమ్మలు వేసుకునే ఒకరు, హైదరాబాద్

జవాబు: ఏమీ కాదు, హాయిగా వేసుకోండి. ఎస్ పెన్ రాయడానికి బ్లూటూత్ అక్కర్లేదు, బ్యాటరీ కూడా అక్కర్లేదు. తెర కింద ఉన్న పొర నుంచే దానికి కావాల్సిన కాస్త శక్తీ అందుతుంది. బ్లూటూత్ ఉన్నది దూరం నుంచి బటన్ నొక్కి ఫొటో తీయడం, స్లైడు మార్చడం లాంటి సోకులకే. ట్యాబ్ ఎస్6 లైట్‌తో వచ్చే పెన్నులో అసలు బ్లూటూతే లేదు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా పాప విజయవాడలోని గురువుగారి దగ్గర ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఐప్యాడ్, మంచి ఖరీదైన ఇయర్‌బడ్స్. కానీ గురువుగారు 'గొంతు పీలగా వస్తోంది, తాళం వెనకపడుతోంది, శ్రుతి పెట్టె అసలు వినిపించట్లేదు' అంటున్నారు. అవే బడ్స్‌తో సినిమా చూస్తే ఏ లోపమూ లేదు. గురువుగారు పాపని కోప్పడుతున్నారు. - ఒక తల్లి, డాలస్

జవాబు: పాప తప్పేమీ ఉండకపోవచ్చండీ, ముందు ఆ సంగతి గురువుగారికి చెప్పండి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌కి రెండు వేషాలుంటాయి. ఊరికే వినేటప్పుడు స్టీరియోలో, మంచి నాణ్యతతో వినిపిస్తాయి. మైకు ఆన్ అయ్యిందంటే ఫోన్ కాల్ పద్ధతికి మారిపోతాయి. పాత పద్ధతిలో గొంతుకి సెకనుకి 8,000 శాంపిల్స్ (కొలతలు) తీస్తాయి, కాస్త మెరుగైన దాంట్లో 16,000. అంటే పాప గొంతులో 4 కిలోహెర్ట్జ్ పైన, లేదా 8 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా కత్తిరించేసి పంపుతున్నారన్నమాట. 'ఎన్ని మార్కులొచ్చాయి' అని అడగడానికి అది చాలు, గమకం దిద్దించుకోవడానికి చాలదు. బడ్స్ ఎంత ఖరీదైనవైనా మైకు వాడితే చాలావాటి పరిస్థితి ఇంతే. సినిమాకి మైకు అక్కర్లేదు, అందుకే అక్కడ బాగుంది.

తాళం సంగతి. శబ్దాన్ని కుదించి, గాల్లో పంపి, మళ్ళీ విప్పడానికి బ్లూటూత్‌కి సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. సినిమా యాప్ బొమ్మని కూడా అంతే ఆలస్యంగా చూపించి పెదాలకీ మాటకీ కలిపేస్తుంది, మనకి తెలియనివ్వదు. ఎదుటి మనిషితో అలా కుదరదు. లెక్క వేయండి: సెకనుకి ఒక అక్షరం చొప్పున తాళం వేస్తే మూడో కాలంలో అక్షరానికి నాలుగు స్వరాలు, ఒక్కో స్వరానికి పావు సెకను. ఐదో వంతు ఆలస్యమంటే దాదాపు ఒక స్వరం జారిపోయినట్టే. దీనికి తోడు డాలస్ నుంచి విజయవాడ దాకా ఇంటర్నెట్ తెచ్చే ఆలస్యం వేరే.

మందు సాదాగానే ఉంటుంది: వైరున్న ఇయర్‌ఫోన్స్. మీ ఐప్యాడ్‌కి టైప్-సీ ఉందో లైట్నింగ్ ఉందో చూసి దానికి సరిపోయేవి కొనండి. బడ్స్‌ని వాటి డబ్బాలో పెట్టి మూత వేసేయండి, లేకపోతే మధ్యలో మళ్ళీ వచ్చి కనెక్ట్ అవుతాయి. శ్రుతి పెట్టె వినిపించకపోవడం మాత్రం బ్లూటూత్ పనే కాకపోవచ్చు. ఒకే రకంగా మోగుతున్న శబ్దాన్ని వీడియో కాల్ యాప్‌లు ఫ్యాన్ రొద అనుకుని తీసేస్తాయి. జూమ్ అయితే 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అనే సెట్టింగు ఉంది, అది ఆన్ చేసుకోండి. ఇంత చేసినా ఇంటర్నెట్ ఆలస్యం పోదు కాబట్టి ఇద్దరూ కలిసి ఒకేసారి పాడే ప్రయత్నం పెట్టుకోకండి. గురువుగారు పాడాక పాప పాడడం, తాళం పాప ఒక్కతే వేసుకోవడం, అదే దారి.

ప్రశ్న: బ్లౌజు డిజైన్లు గీస్తాను. మా వారు 10వ తరం ఐప్యాడ్ కొనిచ్చి, తెలిసినవాళ్ళ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో రెండో తరం ఆపిల్ పెన్సిల్ తెచ్చారు. పక్కన అతికిస్తే ఏ స్పందనా లేదు, బ్లూటూత్‌లోనూ రాదు. పెన్సిల్ పాడైపోయిందా? - ఒక గృహిణి, అనంతపురం

జవాబు: పెన్సిల్ బాగానే ఉండి ఉండొచ్చు, జోడీ కుదర్లేదంతే. ఆపిల్ ఇప్పటిదాకా నాలుగు రకాల పెన్సిళ్ళు తెచ్చింది: 2015లో మొదటిది, 2018లో రెండో తరం, 2023లో టైప్-సీది, 2024లో ప్రో. ఏది ఏ ఐప్యాడ్‌తో పనిచేస్తుందో గుర్తుపెట్టుకోవాలంటే ఎక్కాలు బట్టీ పట్టినంత పని, ఇది మాత్రం ఆ కంపెనీ మనకి పెట్టిన అనవసరపు పరీక్షే అని నా అభిప్రాయం. మీ 10వ తరం ఐప్యాడ్‌తో పనిచేసేవి రెండే. మొదటి తరం పెన్సిల్, దానికి కేబులూ చిన్న అడాప్టరూ కావాలి. లేదా టైప్-సీ పెన్సిల్, దాని వెనక మూత జరిపి కేబుల్‌తో ఐప్యాడ్‌కి కలిపితే పెయిర్ అవుతుంది. రెండో తరం దీనితో ఏం చేసినా కలవదు, తిరిగి ఇచ్చేయండి.

రెండిట్లో ఏదంటే, మీరు డిజైన్లు గీస్తారు కాబట్టి ఒక తేడా చెప్పాలి. టైప్-సీ పెన్సిల్‌కి ఒత్తిడి తెలియదు, గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా గీత ఒకే మందం. మొదటి తరానికి తెలుస్తుంది. జరీ అంచుల్లో లతలు సన్నగా మొదలై మందంగా తిరగాలంటే మొదటి తరమే నయం, ఆ అడాప్టర్ బాధ ఉన్నా సరే. కానీ దాన్ని మాత్రం సెకండ్ హ్యాండ్‌లో చూడకుండా కొనకండి. నెలల తరబడి ఛార్జింగ్ లేకుండా సొరుగులో పడి ఉన్న పెన్సిల్ బ్యాటరీ మళ్ళీ లేవకపోవచ్చు. మీ ఐప్యాడ్ పట్టుకెళ్ళి, అక్కడే కలిపి, నాలుగు గీతలు గీసి, బ్యాటరీ శాతం పెరుగుతోందో లేదో చూసి డబ్బులివ్వండి. గీత తెగి తెగి వస్తే ముందు మొన వదులైందేమో చూడండి, వేళ్ళతో తిప్పి బిగిస్తే చాలు.

ప్రశ్న: మా నాన్నగారికి రెండు చెవులకీ మిషన్లు పెట్టించాం. ఐఫోన్, ఐప్యాడ్‌లతో పనిచేస్తాయని చెప్పి ఇచ్చారు. ఆయన ఐప్యాడ్‌లో ప్రవచనాలు వింటారు. బ్లూటూత్ లిస్టులో ఆ మిషన్ల పేర్లు కనిపించట్లేదు. ఒకసారి ఎలాగో ఎడమ చెవిది కలిసింది, కుడిది కలవలేదు. - ఒక కుమార్తె, కాకినాడ

జవాబు: మీరు వెతికిన చోటు వేరు, అవి ఉండే చోటు వేరమ్మా. చెవి మిషన్లని ఐప్యాడ్‌లో బ్లూటూత్ మెనూలోంచి కాదు, సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, హియరింగ్ డివైసెస్‌లోంచి కలపాలి. బ్లూటూత్ ఆన్‌లో ఉంచి ఆ పేజీ తెరిచి పెట్టుకోండి. ఇప్పుడు రెండు మిషన్లకీ బ్యాటరీ తలుపు తెరిచి మూయండి. ఛార్జింగ్ రకమైతే ఛార్జర్‌లో పెట్టి తీయండి. అలా ఆపి మళ్ళీ ఆన్ చేసిన తర్వాత కొద్ది నిమిషాలే అవి కొత్తవాళ్ళకి కనిపిస్తాయి, ఆలోపే పని కానివ్వాలి. పేరు రాగానే నొక్కితే పెయిర్ చేయాలా అని అడుగుతుంది, ఒప్పుకోండి. ఇక్కడే ఆగండి, లేవకండి! కొద్ది సెకన్ల తర్వాత రెండో చెవి కోసం ఇంకోసారి అడుగుతుంది. ఆ రెండో ప్రశ్న వచ్చేలోపు ఐప్యాడ్ పక్కన పెట్టేసి ఉంటారు, అందుకే ఎడమది కలిసి కుడిది మిగిలిపోయింది.

నాన్నగారి ఫోన్ కూడా ఈ మిషన్లకి కలిసి ఉంటే, ముందు దాని బ్లూటూత్ ఆపి ఈ పని చేయండి. అదీ ఐఫోనే అయ్యి, రెండిట్లో ఒకే ఆపిల్ ఖాతా ఉంటే తర్వాత అవే సర్దుకుంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ప్రవచనం వినేటప్పుడు ఫోన్ బ్లూటూత్ ఆపడం ఆయనకి అలవాటు చేయండి. ధ్వని హెచ్చుతగ్గుల కోసం ప్రతిసారీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళక్కర్లేకుండా, పై బటన్ (పాత ఐప్యాడ్ అయితే హోమ్ బటన్) మూడుసార్లు నొక్కితే ఆ పేజీ వచ్చేలా యాక్సెసిబిలిటీ షార్ట్‌కట్‌లో పెట్టుకోవచ్చు. మాట స్పష్టంగా లేదు, ఈలలా వస్తోంది అంటే మాత్రం అది బ్లూటూత్ కాదు, మిషన్ పెట్టిన ఆడియాలజిస్టుకి చూపించండి.

ఆండ్రాయిడ్ ట్యాబ్ వాళ్ళకో మాట: 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి చెవి మిషన్లకి ప్రత్యేక పద్ధతి వచ్చింది గానీ అది అన్ని ట్యాబుల్లోనూ లేదు. కొనే ముందు మిషన్లు షాపుకి తీసుకెళ్ళి వినిపించుకుని మరీ కొనండి.

ప్రశ్న: బ్లూటూత్ బీపీ మిషన్ కొన్నాను. ట్యాబ్ సెట్టింగ్స్‌లో దాని పేరు నొక్కితే కాసేపు తిరిగి పోతోంది. - రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు

జవాబు: సెట్టింగ్స్ జోలికి వెళ్ళకండి సార్. ఇలాంటి మిషన్లలో చాలావాటిని వాటి యాప్‌లోంచే కలపాలి. యాప్ కూడా పట్టుకోలేకపోతే అనుమతులు చూడండి. ఆండ్రాయిడ్ 11, అంతకన్నా పాతవైతే లొకేషన్ అనుమతి ఇచ్చి, లొకేషన్ ఆన్‌లో కూడా ఉంచాలి. బీపీకీ నేనెక్కడున్నాననే దానికీ ఏం సంబంధమని మీకు కోపం రావడం న్యాయమే, అప్పటి నియమం అలా ఉంది మరి. ఆండ్రాయిడ్ 12 నుంచి 'నియర్‌బై డివైసెస్' అని వేరే అనుమతి పెట్టారు. మొదట్లో రెండుసార్లు 'వద్దు' అని నొక్కి ఉంటే యాప్ ఇక అడగదు, మీరే సెట్టింగ్స్, యాప్స్‌లో ఆ యాప్ పేరు తెరిచి పర్మిషన్స్‌లో ఇవ్వాలి. మీ అబ్బాయి ఫోన్లో కూడా అదే యాప్ పెట్టుకుని ఉంటే మీ రీడింగులు అటు వెళ్ళిపోతున్నాయేమో కూడా చూసుకోండి.

ప్రశ్న: వీడియోలు ఎడిట్ చేస్తాను. ట్యాబ్‌కి యూఎస్‌బీ హబ్ పెట్టి హార్డ్ డిస్క్ తగిలించగానే బ్లూటూత్ మౌస్ ఆగి ఆగి కదులుతుంది, కీబోర్డులో ఒక అక్షరం పదిసార్లు పడుతుంది. డిస్క్ పీకేస్తే మామూలే. హబ్ మార్చినా అంతే. - వీడియో ఎడిటర్, వరంగల్

జవాబు: మీరు సగం పరిశోధన చేసేశారు, పీకితే బాగుంటోందని రాశారు చూశారా, గుట్టంతా అక్కడే. యూఎస్‌బీ 3.0 తీగల్లో డేటా పరిగెడుతున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద బయటికి వస్తుంది. ఇంటెల్ వాళ్ళే 2012లో దీని మీద వివరంగా ఒక పత్రం వెలువరించారు. బ్లూటూత్ ఉండేదీ సరిగ్గా అక్కడే. మౌస్‌లో ఉన్న రేడియో బలం చాలా తక్కువ, పక్కనే హబ్ గోల పెడుతుంటే దాని మాట ట్యాబ్‌కి వినపడదు. కీబోర్డులో అక్షరం పదిసార్లు పడడం కూడా అదే: మీట నొక్కారన్న కబురు చేరింది, వదిలేశారన్న కబురు ఆలస్యమైంది.

హబ్‌ని, డిస్క్‌ని ట్యాబ్‌కి ఆనించి పెట్టకుండా ఒక అర మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా, మౌస్ ఉన్న వైపుకి ఎదురు వైపున పెట్టండి. కేబుల్ కొంటే మంచి షీల్డింగ్ (రొద బయటికి రాకుండా ఆపే లోపలి తొడుగు) ఉన్నది కొనండి. ఎక్కువమందికి దీంతోనే తగ్గిపోతుంది. రెండోది వైఫై. మీ రౌటర్ 2.4లో ఉంటే ట్యాబ్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. క్లాసిక్ బ్లూటూత్ (మొదటి నుంచీ ఉన్న రకం) 79 ఛానెళ్ళ మధ్య సెకనుకి 1,600 సార్లు గెంతుతూ ఖాళీ చోటు వెతుక్కుంటుంది, గోల ఉన్న ఛానెళ్ళని వదిలేయడం కూడా దానికి తెలుసు. కానీ వైఫై ఒకవైపు, హబ్ ఒకవైపు, పక్కింటి రౌటర్లు ఇంకోవైపు ఆక్రమిస్తే అది మాత్రం ఎక్కడికని గెంతుతుంది? వంటింట్లో మైక్రోవేవ్ తిరిగేటప్పుడు ఇలాగే అయితే ఆశ్చర్యపోకండి, అదీ ఆ పేటలోదే.

చివరి అస్త్రంగా నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ ఉంది. ఫైళ్ళు పోవు గానీ దాచుకున్న వైఫై పాస్‌వర్డులూ, బ్లూటూత్ జతలూ పోతాయి. పాస్‌వర్డు ఎక్కడైనా రాసి పెట్టుకున్నాకే ఆ పని చేయండి. అయితే మీ విషయంలో దాని అవసరం రాదనే అనుకుంటున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి స్కూల్ నుంచి ట్యాబ్ ఇచ్చారు. దానికి హెడ్‌ఫోన్స్ కలుపుదామంటే బ్లూటూత్ బటన్ బూడిద రంగులో ఉంది, నొక్కితే కదలదు. సెల్ షాపులో అడిగితే కొంత డబ్బిస్తే లాక్ తీస్తానంటున్నాడు. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అది చెడిపోలేదండీ, కావాలనే మూసి పెట్టి ఉంటారు. స్కూళ్ళు, ఆఫీసులు ఇచ్చే ట్యాబుల్లో ఎండీఎం అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, పిల్లలు ఏవి వాడొచ్చో ఏవి వాడకూడదో దూరం నుంచే అందులో పెడతారు. షాపతను లాక్ తీయడమంటే లోపలిదంతా తుడిచి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడమే, పాఠాల యాప్ కూడా పోతుంది, ఆ తర్వాత స్కూల్ వాళ్ళు అడిగితే మీరు చెప్పుకోలేరు. డబ్బులివ్వకండి. ట్యాబ్‌కి 3.5 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం ఉందేమో చూడండి, ఉంటే మామూలు వైరు హెడ్‌ఫోన్స్ పెడితే ఏ అనుమతీ అక్కర్లేకుండా పాఠం వినిపిస్తుంది. లేకపోతే స్కూల్లో ట్యాబుల సంగతి చూసే టీచర్ని కలిసి, హెడ్‌ఫోన్స్ కోసం బ్లూటూత్ తెరవమని ఒక కాగితం రాసివ్వండి. ట్యాబ్ సీరియల్ నంబరు అందులో రాయడం మర్చిపోకండి, ఏ ట్యాబ్‌కి తెరవాలో వాళ్ళు దాన్నిబట్టే వెతుకుతారు.